ముందు చచ్చిన తీగలు దించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. కరెంటు స్తంభాలకు వేలాడే ఇంటర్నెట్, టీవీ కేబుళ్ళ గురించి హైదరాబాద్ నగరంలో సాగుతున్న తగువు మీద నాలుగు మాటలు రాస్తున్నాను. నేను టెలిఫోన్ శాఖలో కేబుల్ జాయింటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువకాలం రాగి తీగల జతలు కలిపాను, చివరి ఏళ్ళలో ఫైబర్ (గాజు పోగు) కూడా అతికించాను. అందుకే ఈ చిక్కులో లోపలి సంగతి కాస్త తెలుసు.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే విద్యుత్ సిబ్బంది నిచ్చెనలు, కటింగ్ ప్లయర్లు పట్టుకుని వీధుల్లోకి దిగారు. దొరికిన తీగనల్లా కోశారు. ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకునేవాళ్ళు లబోదిబోమన్నారు, ఆపరేటర్లు హైకోర్టుకు వెళ్ళారు. అప్పటి నుంచి రెండే వాదనలు వింటున్నాం: కోసెయ్యాలని ఒకటి, కోస్తే నెట్ పోతుందని ఇంకొకటి. మా నల్లకుంట గల్లీల్లో మాత్రం కోసిన చోట కొత్త తీగలు వచ్చేశాయి. పాతవాటి ముక్కలు స్తంభానికే ఊగుతున్నాయి.

తీగలు ఎక్కువయ్యాయన్నది నిజమే, కానీ అసలు ఇబ్బంది అది కాదు. ఫలానా తీగ ఎవరిది, అది బతికుందా (వాడకంలో ఉందా) చచ్చిందా అంటే చెప్పేవాడు లేడు. మా కాలంలో వీధిలోని పిల్లర్ (కేబుళ్ళ పెట్టె) నుంచి ఇళ్ళ దగ్గరి డీపీ బాక్సు దాకా ప్రతి జతకూ నంబరు ఉండేది, ఏ జత ఏ ఇంటికి పోతుందో రిజిస్టర్‌లో రాసి ఉండేది. ఫోన్ కోసం జనం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజులవి, వాటిని గొప్పగా చెప్పుకోవాల్సిన పనిలేదు. కానీ స్తంభం మీద చెయ్యి పెట్టినవాడికి తను ఏం ముట్టుకుంటున్నాడో తెలిసేది.

ఇప్పుడు జరిగేది చూడండి. ఒక ఇంటివాళ్ళు పాత కంపెనీ మానేసి కొత్త కనెక్షన్ తీసుకుంటారు. కొత్త కుర్రాడు వచ్చి డ్రాప్ వైరు (స్తంభం నుంచి ఇంటికి వచ్చే తీగ) లాగి, ఇంటి దగ్గర కనెక్టర్ బిగించి, రూటర్ మీద ఎర్ర లైటు పోయి పచ్చ లైటు రాగానే వెళ్ళిపోతాడు. పాత తీగ అక్కడే ఉంటుంది. అది తియ్యడం కొత్తవాడి పని కాదు, పాతవాడికి అందులో ఇక డబ్బు లేదు. మధ్యలో ఎక్కడో తెగితే తెగిన చోటు వెతకరు, కొత్త తీగ లాగేస్తారు, ఎందుకంటే వెతికే టైములో ఇంకో కనెక్షన్ ఇవ్వొచ్చు. మిగిలిన తీగను చుట్ట చుట్టి స్తంభానికే తగిలిస్తారు. రేపు అతుకు వెయ్యాల్సివస్తే కొంత తీగ మిగిలి ఉండాలి నిజమే, కానీ దానికి అతుకుల పెట్టెలోనే ట్రే ఉంటుంది. చేతికందే ఎత్తులో చుట్టలు వేలాడదీయమని ఏ కంపెనీ మాన్యువల్లోనూ ఉండదు.

ఇన్ని తీగలు నిజంగా అవసరమా? ఫైబర్ పోగు మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. ఇళ్ళకు వచ్చే రకంలో వెలుగు నడిచే నడి భాగం అందులో 9 మైక్రాన్లే. ఇప్పుడు ఇళ్ళకు వాడే జీపాన్ అనే పద్ధతిలో ఒక్క పోగును, వెలుగును విడగొట్టే స్ప్లిటర్‌తో 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచొచ్చు. అంటే ఒక గల్లీకి సరిపడా నెట్ ఒక సన్నటి కేబుల్లోనే వచ్చేస్తుంది. ఆ పైన కనిపించేదంతా కంపెనీల పోటీ, పని తొందర, పాత చెత్త.

"ఫైబర్ గాజు కదా, అందులో కరెంటు పారదు" అని ఆపరేటర్లు అంటారు. గాజు వరకు అది సత్యమే. కానీ మన గల్లీల్లో లాగే నల్లటి చప్పటి డ్రాప్ వైరును అడ్డంగా కోసి చూడండి. చాలా రకాల్లో పోగు పక్కన, తీగ తన బరువును తానే మోయడానికి ఉక్కు తీగ ఒకటి ఉంటుంది. గాలివానకు అది తెగి, ఇళ్ళకు కరెంటిచ్చే ఎల్‌టీ లైను మీద పడితే మొత్తం పొడవునా కరెంటు రావచ్చు. కేబుల్ టీవీ కోయాక్సియల్ తీగలో అయితే నడుమా చుట్టూ లోహమే ఉంటుంది, స్తంభాల మీది యాంప్లిఫయర్లకు దాని గుండానే కరెంటు పంపడమూ ఉంది. ఇది పిల్లలకు తెలియదు, తెగి వేలాడే తీగను పట్టుకు లాగుతారు. ఉక్కు బదులు ఎఫ్‌ఆర్‌పీ (నారతో గట్టిపరిచిన ప్లాస్టిక్) పుల్లలు, అరామిడ్ (గట్టి కృత్రిమ నార) దారం పెట్టిన డ్రాప్ కేబుళ్ళు ఎప్పటి నుంచో ఉన్నాయి. గల్లీల్లో స్తంభానికీ స్తంభానికీ దూరం తక్కువ, అవి చక్కగా పనిచేస్తాయి. కరెంటు స్తంభం ఎక్కే తీగలో లోహం ఉండకూడదని రూలు పెట్టడానికి కొత్త పరిశోధనేమీ అక్కర్లేదు.

కనెక్టర్ల సంగతీ చెప్పాలి, పదే పదే కొత్త తీగలు లాగడానికి అవీ కారణమే. మీ రూటర్ వెనక ఆకుపచ్చ కనెక్టర్ ఉంటే దాని కొనను 8 డిగ్రీల వాలుగా అరగదీసి ఉంటారు, వెలుగు వెనక్కి తిరిగి రాకుండా. నీలి రంగుది వాలు లేనిది. ఒకదాన్ని ఇంకోదానికి బిగిస్తే మధ్యలో సందు మిగిలి సిగ్నల్ పడిపోతుంది. కొనను ఆల్కహాల్ గుడ్డతో తుడవకపోయినా అంతే, 9 మైక్రాన్ల దారికి ధూళి కణం ఒక్కటి చాలు. ఈ ట్రైనింగ్ లేని కుర్రాడు తీగ పాడైందనుకుని ఇంకోటి లాగుతాడు. అతన్ని తప్పుపట్టను, కనెక్షన్‌కు ఇంత అని చేతిలో పెట్టి పంపిస్తే ఎవరైనా అదే చేస్తారు. ఫ్యాక్టరీలోనే కనెక్టర్ బిగించి, వానకు తడవని మూతతో వచ్చే డ్రాప్ కేబుళ్ళు కూడా ఉన్నాయి. పెట్టెకు తగిలిస్తే టక్కున పడుతుంది, అక్కర్లేనప్పుడు అంతే సులువుగా తీసి చుట్టుకుపోవచ్చు.

ఇక భూమి కింద వేయడం. చెప్పగానే బల్దియా (నగరపాలక సంస్థ), జలమండలి, కరెంటువాళ్ళు, టెలికాంవాళ్ళు అదే రోడ్డును వంతులవారీగా తవ్వుతారు, ఒకరి జేసీబీ ఇంకొకరి కేబుల్‌ను తెంపుతుంది. దీనికీ మందు 1980ల్లోనే బ్రిటిష్ టెలికాం కనిపెట్టింది: సన్నటి గొట్టాలు ఒకసారి పాతిపెట్టి, తర్వాత కావాల్సినప్పుడల్లా గాలి ఒత్తిడితో పోగులను ఊదడం. గొట్టాలు ఉంటే కంపెనీ మారినా రోడ్డు తవ్వక్కర్లేదు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలో ఉమ్మడి డక్టుల (అందరి కేబుళ్ళకూ కలిపి వేసే గొట్టాల) మాట ఉంది, 2025 జనవరి 1 నుంచి కొత్త రైట్ ఆఫ్ వే (కేబుళ్ళు వేయడానికి దారి అనుమతి) నిబంధనలు అమల్లోకి వచ్చాయి. తవ్వేముందు అడగడానికి కేంద్రం 2023లో 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ కూడా తెచ్చింది. మన రాష్ట్రమే మిషన్ భగీరథ నీళ్ళ పైపుల వెంట టీ-ఫైబర్ (రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం) కేబుల్ వేసింది. ఊళ్ళలో తోచిన ఆలోచన రాజధాని గల్లీలో ఎందుకు తోచలేదో నాకు అంతుపట్టదు.

అయితే నగరమంతా భూమి కిందికి పోవాలంటే ఏళ్ళు పడుతుంది, బస్తీల ఇరుకు సందుల్లో అసలు కుదరకపోవచ్చు కూడా. అందాకా స్తంభాలు తప్పవు. కాబట్టి విద్యుత్ సంస్థను కోరేది ఇది. కత్తెరతో బయలుదేరే ముందు ఒక గడువు ప్రకటించండి. గడువులోగా ఆపరేటర్లు తమ ప్రతి తీగకూ ప్రతి స్తంభం దగ్గరా పేరు, నంబరు ఉన్న ట్యాగు కట్టాలి. ట్యాగు లేనిది చచ్చిన తీగ కిందే లెక్క. దాన్ని కోసి వదిలెయ్యకుండా పూర్తిగా దించి తీసుకెళ్ళాలి. కొత్త కనెక్షన్ ఇచ్చేవాడే ఆ ఇంటి పాత తీగను దించాలి, ఆ ఖర్చు పాత కంపెనీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. స్తంభానికి అద్దె తీసుకుంటున్నప్పుడు ఈ షరతులు పెట్టే హక్కు సంస్థకు ఉంది. మొదట ఒక్క డివిజన్‌లో, ఊరేగింపులు తిరిగే దారుల్లో మొదలుపెట్టి వచ్చే వినాయక చవితిలోగా పూర్తి చెయ్యొచ్చు.

ట్యాగులు కట్టడం నేర్పడానికి మాలాంటి రిటైరైనవాళ్ళు పిలిస్తే వస్తారు. నేనైతే వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత కేబుల్ జాయింటర్,
నల్లకుంట, హైదరాబాద్