పళ్ళెం ఎక్కని తరంగం

అందరికీ నమస్కారం. మొన్న శనివారం కార్తీక మాసం ప్రోగ్రాంలో కూచిపూడి తరంగం మధ్యలో పళ్ళెం వద్దనుకుని నేల మీదే ఆడేశా, అప్పట్నుంచీ ఫోన్లు, మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కరికీ విడిగా జవాబివ్వడం నావల్ల కావడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. చాలామంది దాదాపు ఒకటే మాట అన్నారు, "స్టేజి మీద ఆ టైంలో నీ మనసు మాట విన్నావు చూడు, అదీ గొప్ప" అని. చదువుకోవడానికి బావుంది కానీ నాకు మాత్రం కొంచెం సిగ్గుగా ఉంది. ఆ మాట నా చెవిన పడేలా చేసినవాళ్ళు ఆరేడుగురున్నారు. వాళ్ళకి రావాల్సిన మెచ్చుకోళ్ళు నా ఫోన్‌లో పడుతున్నాయి.

తెలియనివాళ్ళకి ముందు కథ. చిన్నప్పుడు విజయవాడలో కూచిపూడి నేర్చుకున్నా, పదో తరగతిలో ఆపేశా, 38 ఏళ్ళప్పుడు హైదరాబాదులో మళ్ళీ మొదలుపెట్టా. తరంగం అంటే మీకు తెలిసిందే, ఇత్తడి పళ్ళెం అంచు మీద రెండు పాదాలూ ఆనించి, తాళానికి తగ్గట్టు ఆ పళ్ళేన్ని జరుపుకుంటూ ఆడాలి. కొంతమంది నెత్తిన నీళ్ళ చెంబు కూడా పెట్టుకుంటారు, నాకు అంత దృశ్యం లేదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ప్రాక్టీసు. ముందురోజు రాత్రంతా ఆఫీసులో రిలీజ్, సరిగ్గా నిద్ర లేదు. పళ్ళెం మీద కాలు పెట్టబోతుంటే లోపల ఏదో వద్దంది. ఎందుకు వద్దందో చెప్పలేదు, వద్దంది అంతే. 'ఇంతదానికే ఆగితే ఇంకేం ఆడతాం' అనుకుని ఎక్కేశా. మూడో ఆవర్తంలో, అంటే తాళం మూడో చుట్టు తిరుగుతుండగా, కుడికాలి మడమ పక్కకి మడత పడింది. నొప్పి కంటే నాకు బాగా గుర్తున్నది ఆ పళ్ళెం చప్పుడు. నేను పడ్డాక కూడా అది గచ్చు మీద గుండ్రంగా తిరుగుతూ, తిరుగుతూ, చివర్లో గబగబా కొట్టుకుని ఆగింది. అది ఆగేదాకా క్లాసులో ఒక్కరు కూడా మాట్లాడలేదు.

ముందు థాంక్స్ చెప్పాల్సింది క్లాసు కింద నిమ్మసోడా బండి అన్నకి. ఎండలో వ్యాపారం పెట్టుకుని, ఉన్న ఐసంతా ఒక గోనెసంచిలో వేసి ఇచ్చేశాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. పిల్లల్ని దింపడానికొచ్చిన ఆటో ఆయన తన మెడలో టవల్ తీసి నా కాలికి కట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అన్నా, ఆ టవల్ ఉతికి మా ఇంట్లోనే ఉంది, తొమ్మిది నెలలైంది, ఈ వారం తప్పకుండా ఇచ్చేస్తా.

ఆ ఆస్పత్రి గురించి ఎక్కువ రాయను. లిగమెంటు, అంటే ఎముకల్ని కలిపి పట్టే పట్టీ, సగం చిరిగిందని చెప్పారు, అది నిజమే. "ఈ వయసులో ఈ గెంతులెందుకమ్మా, ఇంట్లో పిల్లలకి నేర్పించుకోండి" అని కూడా చెప్పారు. ఆ రెండో మాట స్కానింగ్‌లో ఎక్కడ కనిపించిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కానీ విచిత్రం ఏంటంటే నాకూ లోపల అదే అనిపించింది. ఇక అయిపోయింది, ఈ కాలు ఇక లేవదు అని. రెండు నెలలు అది చాలా గట్టిగానే అనిపించింది. లోపల అనిపించిందల్లా నిజమనుకునేవాళ్ళు ఇది కొంచెం గుర్తుపెట్టుకోండి, ఆ అనిపించడం శుద్ధ తప్పు.

అది తప్పని తేల్చింది మా ఫిజియో అమ్మాయి. నాకంటే పదేళ్ళు చిన్నది, అయినా ఆ క్లినిక్‌లో నేను తనకి భయపడ్డంత మా మాస్టారికి కూడా ఎప్పుడూ భయపడలేదు. రోజూ ముందు ఒకటే ప్రశ్న, "ఇవాళ కాలు ఏమంటోంది అక్కా?" "బానే ఉంది" అంటే ఒప్పుకోదు. బానే అంటే ఎక్కడ, లోపలి వైపా బయటి వైపా, లాగుతోందా పొడుస్తోందా, మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా. ఒక పుస్తకం కొనిపించి రోజుకొక వాక్యం రాయించింది. మొదట్లో నా వాక్యాలు చూస్తే నవ్వొస్తుంది, 'నొప్పి', 'నొప్పి', 'కొంచెం నొప్పి'. జూన్‌కి వచ్చేసరికి 'చిటికెనవేలు వైపు బరువు వేస్తే అర సెకను ఆలస్యంగా తెలుస్తోంది' లాంటివి రాస్తున్నా. నలభై ఏళ్ళుగా నా ఒంట్లోనే కాపురం ఉన్నా నాకు దాని భాష రాదని అప్పుడు తెలిసింది.

తను చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. కీళ్ళలో, లిగమెంటుల్లో, కండరాల్లో నరాల చివర్లు ఉంటాయి, పాదం ఏ కోణంలో ఉందో, ఎంత బరువు పడిందో అవి మెదడుకి చెబుతూ ఉంటాయి. కళ్ళు మూసుకున్నా మన చెయ్యి ఎక్కడుందో మనకి తెలుస్తుందే, అది. దానికి ప్రొప్రియోసెప్షన్ అని పేరు. లిగమెంటు చిరిగితే ఆ కబురు సరిగ్గా అందదు, ఆలస్యమవుతుంది, అందుకే ఒకసారి మడత పడ్డ కాలు మళ్ళీ మళ్ళీ మడత పడుతుంది. దానికి మందు ఏమిటయ్యా అంటే ఒంటికాలి మీద నిలబడటం. మొదట కళ్ళు తెరిచి, తర్వాత మూసుకుని, తర్వాత మడతపెట్టిన తువ్వాలు మీద. 30 సెకన్లు. చెప్పడానికి తేలికే, కళ్ళు మూసుకుంటే మొదటి వారం నాకు 4 సెకన్లు కూడా రాలేదు. పొద్దున్నే సింకు దగ్గర ఒంటికాలి మీద పళ్ళు తోముకుంటూ ఊగిపోతుంటే మావారు "కొంగజపం మొదలెట్టావా" అనేవారు. ఆయనకీ థాంక్స్, కిందపడకుండా రెండుసార్లు పట్టుకున్నారు కాబట్టి.

ఇక మాస్టారు. మాస్టారిది కూచిపూడి దగ్గరే, పామర్రులో దిగి చల్లపల్లి బస్సు ఎక్కాలి. డెబ్భై దాటాయి. కాలు కట్టుతో ఉన్నా క్లాసుకి రమ్మన్నారు. కుర్చీ వేసి, "పాదాలు లేవుగా, మిగతావి ఉన్నాయిగా" అన్నారు. ఆరు వారాలు కుర్చీలో కూర్చుని చేతులు, చూపు, మెడ. అభినయ దర్పణం అనే పాత నాట్య గ్రంథంలో శ్లోకం నాట్యం నేర్చుకున్న ప్రతి పిల్లకీ నోటికొచ్చు, "యతో హస్తస్తతో దృష్టిః, యతో దృష్టిస్తతో మనః" అని, చెయ్యి ఉన్నచోట చూపు, చూపు ఉన్నచోట మనసు, మనసు ఉన్నచోట భావం, భావం ఉన్నచోట రసం. ఒకరోజు ఉక్రోషంగా అడిగా, మాస్టారూ ఇందులో పాదం మాటే లేదేంటి అని. ఆయన నవ్వి, "పాదం సంగతి వేరే చెప్పాలా, అన్నం తినేటప్పుడు నోరెక్కడుందో ఎవరైనా చెబుతారా" అన్నారు. అప్పుడు జోకే అనుకున్నా.

కూచిపూడి నాట్యానికి ఆద్యుడని చెప్పుకునే సిద్ధేంద్రయోగి కథ కూడా ఆ రోజుల్లోనే మళ్ళీ చెప్పారు. అత్తవారింటికి వెళ్తూ కృష్ణ దాటుతుంటే వరద ముంచుకొచ్చిందట, ఏటి నడుమ ప్రాణం పోయేలా ఉంటే సన్యాసం తీసుకుంటానని మొక్కుకుని ఒడ్డున పడ్డారట. చిన్నప్పటి నుంచీ వింటున్న కథే. మాస్టారు మాత్రం ఆ ముందు ముక్క పట్టుకున్నారు, "ఒడ్డునున్నప్పుడు ఎవడైనా నిర్ణయం తీసుకుంటాడమ్మా. నీళ్ళు గొంతుదాకా వచ్చినప్పుడు వచ్చే మాట వేరు. అది నీకు రావాలంటే ముందు ఈత రావాలి."

మృదంగం బాబాయిగారు ప్రతి గురువారం మా ఇంటికే వచ్చేవారు. పిలవలేదు, డబ్బు మాట ఎత్తనివ్వలేదు, టీలో పంచదార మాత్రం రెండు చెంచాలు. నేను కుర్చీలో కూర్చుని మడమ, మునివేళ్ళు మాత్రం ఆనిస్తుంటే ఆయన తకిట, తకధిమి, తకతకిట అంటూ మూడు, నాలుగు, అయిదు వాయించేవారు, మధ్యలో చెప్పకుండా మార్చేసేవారు. నేను లెక్కపెడితే తప్పేదాన్ని, లెక్క మానేస్తే కుదిరేది. కావాలనే అలా చేశారని ఆగస్టులో ఒప్పుకున్నారు.

మా అత్తయ్య గురించి చెప్పకపోతే ఈ పోస్టు పూర్తి కాదు. వేసవంతా నా పళ్ళెం ఖాళీగా ఉందని మేడ మీద అందులో గుమ్మడి వడియాలు పెట్టారు. మొదట నాకు కోపమొచ్చింది, పూజ చేసిన పళ్ళెం కదా అని. "అన్నం కంటే పూజ ఏముందే, పైగా దాన్ని చూసి నువ్వు ఏడవడం మానేశావుగా" అన్నారు. నిజమే, వడియాల పళ్ళేన్ని చూసి ఎంతసేపని ఏడుస్తాం. సెప్టెంబరులో ఆవిడే చింతపండుతో తోమి నా ముందు పెట్టి, "ఊఁ, ఇక నీదే" అన్నారు.

శనివారం సంగతికి వస్తా. ప్రాక్టీసులో పళ్ళెం మీద బాగానే వచ్చింది, మూడు వారాలుగా తేడా లేదు. ముందు రెండు రాత్రులూ నిద్ర పట్టలేదు, బుర్రనిండా టెన్షన్, ఫలానా ఆవిడ ఏమంటుందో, పడితే వీడియో ఎక్కడెక్కడ తిరుగుతుందో. ఆ టెన్షన్ గొంతుకి మనుషుల పేర్లన్నీ తెలుసు, రాత్రి రెండింటికి కూడా అలసిపోదు. స్టేజి ఎక్కాక అది పోయింది. చరణం అయింది, వింగ్‌లోంచి మా క్లాసు పన్నెండేళ్ళ అమ్మాయి పళ్ళెం తీసుకురావాలి, రెండడుగులు వేసింది కూడా. సరిగ్గా అప్పుడు కుడి పాదంతో నేలని తడితే దాన్నుంచి కబురు లేటుగా వచ్చింది. నొప్పి లేదు. లేటు, అంతే. ఆ లేటు నాకు తెలుసు, జూన్‌లో నా చేత్తో రాసిందే.

ఆలోచించానని చెబితే అబద్ధం. తల కొద్దిగా, కమ్మలు కదిలేంత, అడ్డంగా ఊపా. ఆ పిల్ల ఆగిపోయింది! బంగారు తల్లీ, నీకు ఎవరూ చెప్పలేదు, రిహార్సల్లో లేదు, నా మొహం చూసి ఆగిపోయావు, పళ్ళేన్ని గుండెకి హత్తుకుని ప్రోగ్రాం అయ్యేదాకా అక్కడే నిలబడ్డావని మీ అమ్మ తర్వాత చెప్పింది. బాబాయిగారు ఆ పిల్ల ఆగడం చూశారు. ఆది తాళం, ఎనిమిది అక్షరాలు, ఒక ఆవర్తం మొత్తం ఒక్కరే తకధిమిలు వాయించి నాకు జాగా ఇచ్చారు. ఆ ఆవర్తం అయ్యేలోపు మాస్టారు తాళాలు కొంచెం పైకి ఎత్తి, పళ్ళెం మీద ఆడాల్సిన జతి (తకధిమి లాంటి పలుకుల వరస) వదిలేసి, ఆ కుర్చీ రోజుల్లో నాచేత చేతులతో పలికించిన జతి అందుకున్నారు. అది నేల మీద ఎప్పుడూ ఆడలేదు నేను. కాళ్ళకి ఎలా తెలుసో తెలియదు, తెలుసు. తర్వాత బాబాయిగారూ నేనూ నాలుగు నిమిషాలు వాదులాడుకున్నాం, ఆయన చేతులు, నా పాదాలు, చివర్లో ఆయన చెప్పకుండా అయిదులోకి మార్చారు, పట్టుకున్నా.

ముందు వరసలో ఒక పెద్దాయన "పళ్ళెం లేకుండా తరంగం ఏంటండీ" అని గొణిగారట. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు, తరంగం అంటే చూసేవాళ్ళకి పళ్ళెమే. ఆయనకి నేనొక పళ్ళెం బాకీ. ఎక్కి ఉంటే పడేదాన్నా? ఏమో, పడేదాన్ని కాదేమో కూడా. ఫిబ్రవరిలో వినలేదు, నవంబరులో విన్నా, అంతకంటే పెద్దగా జరిగిందేం లేదు. రెండుసార్లూ చెప్పింది ఒకటే కాలు, ఈసారి మాత్రం అది మాట్లాడే భాష నేర్పడానికి మీరంతా తొమ్మిది నెలలు కూర్చున్నారు.

ఆదివారం పొద్దున ఏడింటికి క్లాసు. మాస్టారూ, పళ్ళెం తెస్తున్నా, ఎక్కుతానో లేదో అక్కడికొచ్చాక చూద్దాం. బాబాయిగారూ, మీరూ రండి, ఫ్లాస్కులో టీ పోసుకొస్తా, రెండు చెంచాలు.