జనవరి 31న మీ గేటుకు పాలు ఎందుకు రాలేదంటే

సత్యనారాయణపురంలో మా దగ్గర వాడుక పాలు పోయించుకునే అందరికీ,

ఆ పొద్దున చాలా ఇళ్ల గేట్లకు సంచులు ఖాళీగానే వేలాడాయి. పాలబ్బాయి తప్పేమీ లేదు. క్యాన్లలో పాలున్నాయి, అతని ఫోన్‌లో మీ పేర్లు లేవు. 1వ తేదీన మీరు నెల డబ్బులు కట్టారు. కొత్త యాప్ దానికి 30 రోజులు కలిపి, 31 తెల్లవారేసరికి మీ కార్డు అయిపోయిందని తేల్చింది.

ఒక మామ్మగారు ఖాళీ సంచి చేత్తో పట్టుకుని మా కొట్టుకు వచ్చి "డబ్బులు కట్టానుగా బాబూ" అన్నారు. మా నాన్న నోటు పుస్తకంలో లెక్క రాసిన రోజుల్లో ఈ మాట ఎవరూ అనలేదు. ఆ పుస్తకం వద్దని యాప్ పెట్టించింది నేనే.

యాప్ చేసినవాళ్లకు ఫోన్ చేస్తే "నెలంటే 30 రోజులే కదండీ" అన్నారు. గట్టిగా అడిగితే, నెల అంకెకు ఒకటి కలిపి పంపారు. అప్పుడు జనవరి 31న చేరినవాళ్ల గడువు మార్చి 3 అని చూపించింది! యాప్ రాసిన డార్ట్ భాషలో ఫిబ్రవరి 31 అని ఇస్తే తప్పని చెప్పదట, మిగిలిన మూడు రోజులూ మార్చిలోకి తోసేస్తుందట. మళ్లీ చెబితే ఫిబ్రవరి 28కి ఆపారు. కానీ మరుసటి నెల లెక్క ఆ 28 నుంచే మొదలై మార్చి 28 అయింది. 31న చేరినవాళ్లు ఇక ఎప్పటికీ 28 వాళ్లే.

ఇక్కడే రెండు రాత్రులు నిద్రపట్టలేదు. అందరికీ 30 రోజుల కార్డు పెట్టేస్తే గొడవే ఉండదని మా తమ్ముడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మీ జీతాలు, అద్దెలు నెల లెక్కన నడుస్తాయి, పాలు కూడా అంతే. చివరికి ఇలా రాయించాను: ప్రతి నెలా లెక్క మీరు చేరిన మొదటి తేదీ నుంచే. 31న చేరితే ఫిబ్రవరి 28, మార్చి 31, ఏప్రిల్ 30. 2028లో ఫిబ్రవరి 29. పన్నెండు నెలల తేదీలు కాగితం మీద రాసుకుని, యాప్‌తో ఒక్కొక్కటీ నేనే సరిచూశాను.

పాలు అందనివారి కార్డులో ఒక రోజు కలిపాను. గడువు తప్పుగా చూపడం వల్ల మార్చి 3 దాకా ఎక్కువగా పోసిన పాలకు డబ్బులు అడగను. గడువు దాటినా యాప్ ఇక తనంతట తాను పాలు ఆపదు, ఆపే బటన్ నా ఫోన్‌లోనే పెట్టించుకున్నాను.