ఏడో తరగతి కుకీల సంగతి: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయురాలి లేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

శనివారం సాయంత్రం నుంచి మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఫొటో నాకూ చేరింది. ట్రే అంతా మాడిన అట్టులా పరుచుకుపోయిన ఆ పదార్థం మన ఏడో తరగతి పిల్లలు బడిలో జట్లుగా చేసిన ఓట్స్ కుకీయే. దానికి ‘ఫీజు కట్టి చేయించిన పిడక’ అని పేరు పెట్టిన తండ్రిగారి చమత్కారానికి నేనూ నవ్వాను. అయితే ఆ ట్రే అలా ఎందుకయిందో పిల్లలు సోమవారం మధ్యాహ్నానికే తేల్చేశారు. ఆ మాట ఏ గ్రూపులోనూ కనిపించలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అంతకుముందు రెండు ముక్కలు. అర్ధ సంవత్సర పరీక్షల టైమ్ టేబుల్ డైరీల్లో అంటించాం, రెండో విడత ఫీజుకు నెలాఖరు గడువు, మూడో నంబరు బస్సు ఇకమీదట పది నిమిషాలు ముందే వస్తుంది.

ఇక కుకీలు. ఆరు జట్లకూ బోర్డు మీద రాసి ఇచ్చిన కొలత ఒక్కటే: వెన్న 100 గ్రాములు, బెల్లం పొడి 100, గోధుమపిండి 100, ఓట్స్ 120, వంటసోడా అర టీస్పూను, పాలు రెండు టేబుల్ స్పూన్లు, కాస్త యాలకుల పొడి. ఓవెన్ 180 డిగ్రీలు, పన్నెండు నిమిషాలు. సరుకులు ఇంటి నుంచి తెమ్మన్నాం. పిల్లలే కొట్టుకు వెళ్లి, చూసి, ఎంచుకుని తేవాలని చీటీలో రాశాం కూడా. ఆ చివరి వాక్యం చాలా ఇళ్లలో ఎవరి కంటా పడినట్టు లేదు.

ఫొటోలోని జట్టుకు వెన్న బదులు కరిగించిన నెయ్యి వచ్చింది. ఎవరింటి నెయ్యో గానీ, ఆ వాసనకు స్టాఫ్ రూం అంతా తలుపు దగ్గరకు చేరింది. కానీ వెన్నలో కొవ్వు ఎనభై శాతం దాకా, మిగిలినది చాలావరకు నీరు. నెయ్యి దాదాపు అంతా కొవ్వే. అంతే తూకం వేస్తే కొవ్వు ఎక్కువవుతుంది, పైగా కరిగి ఉంది కాబట్టి పిండి గట్టిపడేలోగానే జారిపోయింది. వెన్న వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉండాలి, కరగకూడదు. నెయ్యే వేయాలనుకుంటే 80 గ్రాములు వేసి, అది పేరుకున్నాక కలిపి, పాలు ఒక చెంచా పెంచండి. ఉప్పు వేసిన వెన్నే దొరికితే వేరే ఉప్పు అక్కర్లేదు.

ఓట్స్‌లో రకాలు ఉంటాయని తెలియకపోవడం తప్పేమీ కాదు. అటుకులతో పోల్చి చెప్పాను, పిల్లలకు వెంటనే అర్థమైంది. రోల్డ్ ఓట్స్ దొడ్డు అటుకులు, కుకీకి కావలసినవి అవే. ఇన్‌స్టంట్ ఓట్స్ పల్చని అటుకులు, తడి తగలగానే ముద్దవుతాయి. స్టీల్ కట్ ఓట్స్ అటుకులే కావు, నూక. అరగంట ఉడకాల్సిన నూక పన్నెండు నిమిషాల్లో ఏమవుతుంది? పళ్ల కింద ఇసుకలా తగులుతుంది. ధర ఎక్కువ కాబట్టి మంచివే అయ్యుంటాయని అవి కొని పంపిన తల్లిగారి శ్రద్ధకు కృతజ్ఞతలు. మరో ఇంటి నుంచి మసాలా ఓట్స్ వచ్చాయి. యాలకులు, బెల్లం, వెల్లుల్లి కలిసిన ఆ కుకీలను ఇద్దరు అబ్బాయిలు ఒక్కటి మిగల్చకుండా తినేశారు. వాళ్ల ఆరోగ్యం బాగానే ఉందని ఆ ఇళ్లకు ఫోను చేసి కనుక్కున్నాను.

ఇక ఒక చిన్న పొట్లంలో పేరు లేని తెల్లపొడి వచ్చింది. వంటసోడానా, బేకింగ్ పౌడరా? టీచర్ పారేయబోతుంటే వెనక బెంచీ అబ్బాయి ఒకడు ఆపాడు. చిటికెడు తీసి గోరువెచ్చని నీళ్లలో వేశాడు, పొంగలేదు. నిమ్మరసం పిండాడు, బుస్సున పొంగింది. ‘సోడాయే టీచర్, బేకింగ్ పౌడర్లో పులుపు ముందే కలిపి ఉంటుంది, నీళ్లకే పొంగాలి’ అన్నాడు. పోయిన పరీక్షలో సైన్సులో వాడికి వచ్చిన మార్కులు ఇక్కడ చెప్పను. ఆ మార్కుల గురించి ఇంట్లో ఎవరైనా వాడిని ఏమైనా అని ఉంటే, దయచేసి ఈ పేరా చదివి వినిపించండి.

ఆ అబ్బాయి జట్టులోని అమ్మాయి ఒక పాకెట్ బిస్కెట్ల అట్ట తెచ్చింది. ముందు వైపు తేనె కారుతున్న బొమ్మ. వెనక పదార్థాల జాబితాలో తేనె ఉప్పు తర్వాత వచ్చింది. ఏది ఎక్కువ తూకం ఉంటే అది ముందు రాయాలన్నది మన దేశంలో నియమం. అంటే ఆ బిస్కెట్‌లో ఉప్పు కంటే ఎక్కువ తేనె లేదు. పన్నెండేళ్ల పిల్ల ఇది తనంతట తాను పట్టుకుంది! ఇరవై రెండేళ్లుగా నేను చెబుతున్నది ఇదే: బొమ్మ వైపు కాదు, చిన్న అక్షరాల వైపు తిప్పండి. చక్కెర అన్న మాట ఒకచోటే వెతికితే చాలదు, గ్లూకోజ్ సిరప్ అనీ ఇన్వర్ట్ సిరప్ అనీ అదే మళ్లీ వస్తుంది. మల్టీగ్రెయిన్ అని పెద్దగా రాసి లోపల మొదటి పేరు మైదా అయితే దాన్ని మైదా బిస్కెట్టనే పిలవాలి. ఏ తినుబండారంలో ఎంత చక్కెర ఉంటుందో చూపే చక్కెర బోర్డులు బడుల్లో పెట్టమని సీబీఎస్‌ఈ 2025 మే నెలలో చెప్పింది. మన వరండాలోనూ ఉంది. దాని ఎదుటే క్రీము బిస్కెట్ల పాకెట్లున్న లంచ్ బాక్సులు రోజూ నాకు ఎదురవుతాయి. ఆ పాకెట్లు పిల్లలు కొనుక్కున్నవి కావని నాకు తెలుసు. పొద్దున్నే తీరిక ఉండదు, నిజమే. అరటిపండుకు తొక్క తీయడం తప్ప వేరే పని లేదని మాత్రం మనవి చేసుకుంటున్నాను. మా కుకీ కూడా తీపి పదార్థమే, బెల్లం వేశామని అది మందు అయిపోదు.

రాగులు, జొన్నలు ఉండగా ఓట్స్ ఎందుకని ఒక తాతగారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది కదా. అయితే రాగిపిండిలో గోధుమకున్న సాగుడు లేదు, మొత్తం అదే వేస్తే కుకీ చేతిలో పొడి అవుతుంది. సగం గోధుమపిండి, సగం రాగిపిండి, ఓట్స్ బదులు జొన్న అటుకులతో ఒక జట్టు ప్రయత్నిస్తుంది. తాతగారిని రుచి చూడడానికి పిలుస్తున్నాం.

రెండు విషయాలు మాత్రం నవ్వుతూ చెప్పలేను. తరగతిలో ఒకరికి వేరుసెనగ పడదని చీటీలో రాసినా రెండు ఇళ్ల నుంచి వేరుసెనగ పలుకులు వచ్చాయి. మరొక జట్టు డబ్బాలో నేరుగా బేకరీ కుకీలే వచ్చాయి, కింద ధర చీటీ కూడా ఉంది. ఆ పిల్ల రోజంతా తల ఎత్తలేదు. మాడిన కుకీ చేసిన పిల్లలు మాత్రం గంతులు వేస్తూ ఇంటికి వెళ్లారు.

వచ్చే శనివారం మళ్లీ చేస్తున్నాం. చీటీ అదే. బెల్లం ముదురు రంగుదైనా పర్లేదు, గడ్డలు లేకుండా పొడి చేయించండి. కొట్టుకు పిల్లలనే పంపండి, మీరు వెంట వెళ్లినా చేతులు వెనక్కి కట్టుకోండి. ప్రతి పొట్లం మీదా పేరు రాయించండి. పోయినసారి స్టీలు డబ్బాలు తొమ్మిది, మూతలు పదకొండు నా గదిలో ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు