కేన్సర్ కణం చుట్టూ ఉన్నదాని గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం పేజీలో కేన్సర్ మీద వచ్చిన వ్యాసం చదివాను. జీన్ పాడైతే కణం అదుపు తప్పి పెరుగుతుంది అని రాశారు, నిజమే, కానీ అక్కడితో ఆపేస్తే ఎలాగండీ, ఆ కణం చుట్టూ ఏముందో దాన్ని బట్టి కూడా కదా జబ్బు ఎటు పోతుందో తేలేది.

1889లోనే లండన్‌లో స్టీఫెన్ పేజెట్ అనే డాక్టరు రొమ్ము కేన్సర్‌తో పోయిన 735 మంది రికార్డులు చూశాడు, 241 మందికి లివర్‌కి పాకింది, స్ప్లీన్‌కి, అంటే ప్లీహానికి మాత్రం 17 మందికే, రెండిటికీ రక్తం వెళ్తుంది కదా మరి ఇంత తేడా ఏంటి అని ఆలోచించి, విత్తనం ఎక్కడ పడినా నేల కుదిరిన చోటే మొలుస్తుంది అన్నాడు. 1997లో మీనా బిస్సెల్ అనే శాస్త్రవేత్త గారి ల్యాబ్‌లో అయితే రొమ్ము కేన్సర్ కణాలు చుట్టూ ఉన్న పదార్థాన్ని పట్టుకునే ఒక ప్రొటీన్‌ని అడ్డుకుంటే అవి మామూలు కణాల్లా సర్దుకున్నాయి, జీన్లు మాత్రం ఆ పాడైనవే! నాకు ఇది చదివినప్పుడల్లా ఆశ్చర్యమే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఇమ్యునోథెరపీ గురించి, అంటే మన ఒంట్లోని రోగనిరోధక శక్తితోనే కేన్సర్‌ని ఎదుర్కొనే వైద్యం గురించి. 2018లో ఆలిసన్, హోంజో గార్లకి నోబెల్ తెచ్చిన పని అదే. ఆ మందు కేన్సర్ కణాన్ని నేరుగా చంపదు, జబ్బులతో పోరాడే మన తెల్ల రక్తకణాలు, టీ సెల్స్ అంటారు, వాటికి పడిన బ్రేక్ తీస్తుంది. ఆ టీ సెల్స్ అసలు గడ్డలోకే చేరకపోతే, చుట్టూ ఉన్న ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు కొల్లాజెన్ అనే పీచు లాంటి ప్రొటీన్ పేర్చి దారి మూసేస్తే, చాలాసార్లు మందు పెద్దగా పనిచెయ్యదు. నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి ట్రైనెక్కి చెన్నై హాస్పిటళ్లకి వచ్చే మనవాళ్లకి ఈ ముక్క ఎవరూ తీరిగ్గా చెప్పరు. రిపోర్టు ఇంగ్లీషులో, మాటలు తమిళంలో, డాక్టరు గారికి టైముండదు, ఆయన్నీ అనలేం. పక్క బెడ్డు ఆయనకి పనిచేసింది కదా అని పొలం అమ్మి లక్షలు కట్టేస్తున్నారు, తర్వాత పనిచెయ్యకపోతే మేమేదో తప్పు చేశామని, సరిగ్గా తిండి పెట్టలేదని కుమిలిపోతున్నారు.

మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు వైద్యం చదువుకున్న ఊరండీ ఇది. ఇక్కడి కేన్సర్ హాస్పిటళ్లు ఇంత ఖరీదైన మందు మొదలుపెట్టే ముందు, టీ సెల్స్‌కి ఆ బ్రేక్ వేసే ప్రొటీన్ గడ్డలో ఎంతుందో చూసే పీడీ ఎల్ వన్ టెస్టులో ఏమొచ్చింది, ఈ పేషెంటుకి పనిచేసే అవకాశం ఎంత అనేది తెలుగులో కూర్చోబెట్టి చెప్పే కౌన్సిలర్‌ని పెట్టాలి. మీరు కూడా ఇక్కడి ఆంకాలజిస్టులని అడిగి నాలుగు వారాలు ఇదే విషయం మీద రాయించండి, ఆ పేజీ కత్తిరించి హాస్పిటల్ వెయిటింగ్ హాల్లో అతికించడానికి మాలాంటివాళ్లం రెడీగా ఉన్నాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూర్, చెన్నై