శివారు కుళాయి దగ్గర కొలవండి

సంపాదకులకు,

కాలువలకు నీళ్లు వదిలే రోజులొచ్చాయి కాబట్టి డెల్టా పట్టణాల మంచినీటి గురించి ఈ నాలుగు మాటలు. వేసవిలో కట్టేసిన కాలువలో పోగుపడ్డ చెత్తా, కుళ్లిన గుర్రపుడెక్కా, ఊళ్ల మురుగూ ధవళేశ్వరం నుంచి వచ్చే తొలి నీటితో కొట్టుకొస్తాయి. ఆ నీటిని మంచినీటి చెరువుకు ఎక్కించకుండా కొన్నాళ్లు కిందికి పోనివ్వాలి. చెరువు అడుగంటిందన్న కంగారులో పాటించకుండా వదిలేసేది ఈ జాగ్రత్తనే. ఆ వెనకే ఎర్రనీరు దిగుతుంది. అప్పుడు నిన్నటి పటిక మోతాదు ఇవాళ పనికిరాదు, జార్ టెస్ట్ (జాడీల్లో వేర్వేరు మోతాదులు వేసి, బురద ఎంతకు దిగుతుందో చూడటం) చేసి రోజూ మార్చుకోవాలి. బురద మిగిలితే క్రిములు దాని చాటున బతికిపోతాయి.

బ్లీచింగ్ లెక్క మాత్రం వివరంగా చెప్పాలి. లక్ష లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 200 గ్రాముల క్లోరిన్ కావాలి. 25 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడరైతే 800 గ్రాములు. మన ఉక్కకీ చెమ్మకీ మూతి విప్పిన సంచి బలం పడిపోతుంది. 15 శాతానికి దిగిన పౌడరు అదే 800 గ్రాములు వేస్తే నీటికి అందేది 120 గ్రాములే. రిజిస్టరులో మోతాదు సరిగ్గానే ఉంటుంది! పౌడరును నేరుగా ట్యాంకులో చల్లేయడం ఇంకో తప్పు. బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట పోయాలి. తర్వాత అరగంటైనా ఆగి వాల్వు తిప్పాలి.

అసలు గొడవ గొట్టాల్లో ఉంది. పూటకు గంటో రెండు గంటలో నీళ్లిచ్చి ఆపేస్తే, గొట్టం ఖాళీ అవుతూ లీకున్నచోట పక్క డ్రెయిను నీటిని లోపలికి లాక్కుంటుంది. కుళాయికి మోటారు బిగించినవాళ్లు ఆ పనిని ఇంకాస్త సులువు చేస్తున్నారు. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ఆ మురుగు తేలేది శివారు వీధిలోనే. సాగునీటికైనా తాగునీటికైనా శివారువాళ్ల గతి ఒకటే.

క్లోరిన్ పరీక్షేమో ట్యాంకు కిందో, కుళాయి కాసేపు వదిలాకో చేస్తారు. క్లోరిన్ ఉంటే రంగు మారే ఆర్థోటోలిడిన్ మందు చుక్కలు వేయగానే, పది సెకన్లలోపు, వచ్చే పసుపురంగే ఫ్రీ క్లోరిన్, అంటే దేనితోనూ కలవకుండా క్రిముల్ని చంపడానికి మిగిలిన క్లోరిన్. ఐదు నిమిషాలాగి చూస్తే రంగు ముదురుతుంది. కానీ అమోనియాతో కలిసిపోయి, క్రిముల మీద అంతగా పనిచేయని క్లోరిన్ కూడా అందులో చేరుతుంది. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం నీళ్లు పట్టుకునేచోట ఫ్రీ క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములుండాలి.

మునిసిపాలిటీలు ప్రతి ఓవర్‌హెడ్ ట్యాంకుకూ చిట్టచివరి కుళాయి ఏదో గుర్తించాలి. నీళ్లు వదలగానే తొలి బిందెలోంచి ఒకసారి, పావుగంట తర్వాత ఇంకోసారి కొలిచి, టైముతో సహా రెండూ వార్డు సచివాలయం బోర్డు మీద రాయాలి. తొలి కొలత సున్నా వచ్చి రెండోది బాగుంటే తప్పు ట్యాంకుది కాదు, ఆ వీధి గొట్టాన్ని తవ్వి చూడాలి. రెండూ సున్నా అయితే ముందు బ్లీచింగ్ సంచి చూడాలి.

ఈలోగా శివారు వీధులవాళ్లు తొలి రెండు బిందెలూ వాడకానికి ఉంచుకుని, తాగేవి ఆ తర్వాత పట్టుకుని కాచుకోవడం మంచిది.

— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా