వాళ్లు ఇంట్లో ఉండే నెల చూసుకో

ఎచ్చెర్ల,
ఆదివారం రాత్రి

బావా,

నిన్న ఫోన్‌లో "గూగుల్ ఫామ్ పెట్టేస్తాను, వారంలో రెండొందల మంది నింపేస్తారు" అన్నావు చూడు, అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. పరిశోధనకి వలస కుటుంబాల మీద ఇంత మంచి టాపిక్ తీసుకుని, డేటా దగ్గర తొందరపడతావేమోనని టెన్షన్. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

ఆ ఫామ్ ఎవరు నింపుతారు చెప్పు? మన జూనియర్లు, వాళ్ల రూమ్మేట్లు. కొడుకు గుజరాత్‌లో ఉంటే ఇక్కడ మనవల్ని సాకుతున్న మామ్మ నింపుతుందా? ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోనూ మొగుడితో వెళ్లిపోతే కోడలు దేంట్లో నింపుతుంది? నీకు కావలసింది వాళ్ల మాట. రెండు వేల ఫామ్‌లు వచ్చినా ఆ మాట అందులో ఉండదు.

నా మొదటి ఫీల్డ్‌వర్క్ ఎలా చెడిందో నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. సముద్రం ఒడ్డున ఒక ఊరికి 64 ప్రశ్నల కాగితాలు పట్టుకుని వెళ్లాను. ఊరు కొత్త కదా అని, ఇదివరకు అక్కడ ప్రభుత్వ సర్వేలు చేసిన ఒకాయన్ని ఇళ్లు చూపించడానికి వెంట తీసుకెళ్లాను. "నెలకి ఆదాయం ఎంత?" అంటే ఇంటింటా ఎనిమిది వేలు, తొమ్మిది వేలు. డాబా ఇంట్లోనూ అదే, పూరింట్లోనూ అదే. పది దాటిన ఇల్లే లేదు. నాలుగో రోజు ఒక మామ్మ నా చెయ్యి పట్టుకుని "బాబూ, నా పింఛను తీసేస్తావా?" అంది. అప్పుడు తెలిసింది, నన్ను ప్రభుత్వం మనిషి అనుకున్నారని. పల్లెల్లో రేషన్ కార్డుకి ఆదాయ పరిమితి నెలకి 10,000 రూపాయలు పెట్టారు కదా, వాళ్లు జవాబు చెబుతున్నది నాకు కాదు, ఆ కార్డుకి. అబద్ధాలు ఆడారని నేను అనను. వాళ్లని అంత భయపెట్టింది నేనే. ఆ మామ్మ మొహం ఇప్పటికీ గుర్తొస్తుంది.

అదే కాగితంలో "మీ ఇంట్లో ఎవరైనా వలస వెళ్లారా?" అని ఇంకో ప్రశ్న. చాలామంది "లేదు" అన్నారు. మగవాళ్లేమో గుజరాత్‌లో వీరావల్ రేవులో ఉన్నారు! వాళ్ల లెక్కలో అది వలస కాదు, చేపల వేట. "వేటకెళ్లాడు" అంటారంతే. ఆ ఒక్క మాట ముందే చెవిన పడి ఉంటే నా మూడు వారాలు మిగిలేవి. అందుకే ప్రశ్నలు జెరాక్స్ తీయించే ముందు పది రోజులు ఊళ్లో ఊరికే కూర్చో. టీ కొట్టు దగ్గర, బోరింగు దగ్గర వాళ్లు దేన్ని ఏమంటున్నారో విను. తర్వాత సర్వే చెయ్యి, వద్దనను.

అడిగే తీరు మారితే లెక్క ఎంత మారుతుందో పెద్ద సర్వేలకీ అనుభవమే. 1999-2000లో జాతీయ నమూనా సర్వే 55వ విడతలో తిండి ఖర్చు గడిచిన 7 రోజులకి ఎంత, గడిచిన 30 రోజులకి ఎంత అని పక్కపక్కనే అడిగారు. ఒక జవాబు రెండోదాన్ని తనవైపు లాగేసింది. ఆ ఖర్చుల మీద కట్టిన పేదరికం 1993-94లోని 36 శాతం నుంచి 26 శాతానికి తగ్గిందన్న లెక్క మీద ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. నువ్వు మాత్రం "ఏడాదికి ఎంత పంపుతాడు?" అని అడగకు. "ఆఖరిసారి డబ్బు ఎప్పుడొచ్చింది, ఎంతొచ్చింది, దేనికి అయిపోయింది?" అని అడుగు. వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెబుతారు.

గ్రూప్ డిస్కషన్ అన్నావు. కూలి రేటు, ఎవరు ఏ ఊరికి వెళ్తారు లాంటివాటికి బాగుంటుంది. ఒకసారి వీధిలో ముగ్గుపిండితో ఇళ్లన్నీ గీశాను. పిల్లలూ ఆడవాళ్లూ చుట్టూ చేరి, నేను గీసింది చెరిపి, ఎవరి మనిషి ఎక్కడున్నాడో వాళ్లే సరిచేశారు. నా కాగితాలన్నీ కలిపినా అంత రాలేదు. అప్పుల సంగతి మాత్రం పదిమందిలో అడగొద్దు బావా. అత్త ముందు కోడలు చెప్పదు, కోడలి ముందు అత్త చెప్పదు. పలాస జీడిపప్పు పనివాళ్ల దగ్గరికి వెళ్తే వాళ్ల చేతులు ఆపకు. ఒలిచిన కిలోలకే కూలి. పక్కన కూర్చుని, వాళ్లు పని చేసుకుంటూ ఉండగానే మాట్లాడు.

మరొకటి. 2018 నవంబరులో మనవైపు మత్స్యకారులు పాకిస్తాన్‌వాళ్లకి చిక్కి, 2020 జనవరికి గానీ విడుదల కాలేదు. అలాంటి ఇంట్లో "మీ ఆయన ఎప్పుడొచ్చాడు?" అనేది మామూలు ప్రశ్న కాదు. కళ్లనీళ్లు వస్తే పెన్ను మూసెయ్యి, ఆ రోజుకి చాలు.

ఇక ఎప్పుడు రావాలి? హైదరాబాద్, చెన్నైలో భవనాల పనికి వెళ్లినవాళ్లు సంక్రాంతికి దొరుకుతారు. 2011 జనాభా లెక్కలు ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు తీశారు, అప్పటికి చాలామంది మళ్లీ బస్సెక్కేసే ఉంటారు, ఊళ్లో లెక్కకి దొరికి ఉండరు. వేటకెళ్లేవాళ్ల సంగతి వేరు. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, పడమటి తీరంలో జూన్ 1 నుంచి మొదలు. అంటే జూన్ మొదటి రెండు వారాలు ఇక్కడి పడవలవాళ్లూ, వీరావల్ నుంచి వచ్చినవాళ్లూ ఇళ్ల దగ్గరే ఉంటారు. మే నెలాఖరుకి విజయనగరంలో బస్సెక్కి వచ్చెయ్. నా గదిలోనే ఉందువుగాని. ఆ 200 ఫామ్‌ల లింక్ ఎవరికీ పంపకు. ఖాళీ నోటుపుస్తకాలు రెండు తెచ్చుకో చాలు, ముగ్గుపిండి ఇక్కడ కొందాం.

నీ బావ