ఈ కార్తీకంలో మన పడవ కదలదు

కాలువ గట్టు మీదున్న మన లాకుల పార్కుకి ఏటా వచ్చేవాళ్లందరికీ, ముఖ్యంగా కార్తీక ఆదివారాలకి ముందే అడ్వాన్సు కట్టినవాళ్లకి చెబుతున్నానండి. ఈ నెలంతా పడవ తిప్పడం లేదు. వనభోజనాలు ఉన్నాయి, ఉసిరి చెట్టు కింద పూజ ఉంది, పోలి పాడ్యమి దీపాలు ఉన్నాయి, పడవ ఒక్కటే లేదు. పడవ అమ్మేశానని ఒకరు, కేసులకి భయపడ్డానని ఒకరు వాట్సాప్ గ్రూపుల్లో రాస్తున్నారట. పడవ రేవులోనే కట్టేసి ఉంది, వచ్చి చూసుకోవచ్చు. ఏం జరిగిందో నేనే చెబుతాను.

పాత లైఫ్ జాకెట్లలో బెల్టులు తెగినవి తీసేస్తే 11 మిగిలాయి. అందుకని శ్రావణంలోనే ఒక డీలరుకి 30 జాకెట్లు ఆర్డరిచ్చి, డబ్బు మొత్తం ముందే కట్టాను. వినాయక చవితికల్లా పంపిస్తానన్న మనిషి దసరా వెళ్లాక పంపాడు. సరే, వచ్చాయి కదా అనుకున్నాను. నారింజ రంగు మెరిసిపోతోంది, ఒక్కోదానికి విజిల్ కూడా పెట్టారు. కొత్త జాకెట్ ఏదైనా ముందు నేను వేసుకుని నీళ్లలో దిగాకే మీకు ఇవ్వడం నాకు అలవాటు. రేవు మెట్ల దగ్గర నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస మా అబ్బాయి చేతికిచ్చి దిగాను. మొదట బాగానే తేల్చింది. ఐదు నిమిషాలకి భుజాల మీద బరువు తెలిసింది. పది నిమిషాలకి నీళ్లు గడ్డం దాకా వచ్చేశాయి, తేల్చాల్సిన జాకెట్టే నన్ను కిందకి లాగుతోంది. గట్టెక్కి బ్లేడుతో కుట్టు విప్పాను. లోపల నీళ్లు పీల్చని ఫోమ్ పలక ఉండాలండి. ఉన్నవి పరుపుల్లో కూరే స్పాంజి ముక్కలు. పిండితే చెంబుడు నీళ్లు కారాయి. నమ్మలేక ఇంకో నాలుగు విప్పాను, నాలుగూ అంతే.

డీలరుకి ఫోన్ చేస్తే ఆయనన్న మాట నాకు ఇప్పటికీ మింగుడు పడట్లేదు. "కాలువే కదండీ, గోదారి కాదు కదా, చెకింగుకి వచ్చినవాళ్లకి కనపడితే చాలు" అన్నాడు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదారిలో టూరిస్టు పడవ మునిగి నలభై మందికి పైగా పోయారు. ఈ చుట్టుపక్కల పడవ మీద బతికే ఎవరికైనా ఆ రోజు గుర్తుంటుంది. అది తెలిసి కూడా నాతో ఆ మాట అన్నాడు. మా తాత ఈ కాలువ మీదే గెడ వేసి ధాన్యం పడవలు నడిపాడు, గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగాడు. ఆ ఇంట్లో పుట్టినవాణ్ని నేను. కనపడితే చాలు అనుకునే సరుకు నా పడవలో పెట్టను. వేరే జాకెట్లు పంపిస్తానన్నాడు, వద్దన్నాను. డబ్బు ఇంకా తిరిగి రాలేదు, వదిలిపెట్టేది లేదు. కాకినాడలో చేపల పడవలకి సామాన్లు అమ్మే షాపులో కొత్తగా ఆర్డరిచ్చాను, అవి కార్తీకం దాటాకే వస్తాయన్నారు.

మరి మంచివి 11 ఉన్నాయి కదా, పదేసి మందిని తిప్పొచ్చు కదా అని మా ఆవిడ దగ్గర్నుంచి అందరూ అడిగారు. దాని మీదే మూడు రాత్రులు నిద్ర లేదు. ఈ నాలుగు ఆదివారాల డబ్బే ఎండాకాలంలో కాలువకి నీళ్లు ఆపేసినప్పుడు మా ఇల్లు నడిపేది. లెక్క ప్రకారం పది మందిని ఎక్కించుకుని తిప్పడంలో తప్పేమీ లేదు. కానీ కార్తీక ఆదివారం ఎలా ఉంటుందో మీకూ తెలుసు. యాభై మంది బస్సు దిగుతారు, మధ్యాహ్నానికి రేవు మీద కాలు పెట్టే చోటుండదు. "చంటిదేగా బాబాయ్, ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం" అంటారు. పొద్దున్న గట్టిగా కాదంటాను. సాయంత్రానికి, అందరూ తెలిసినవాళ్లే అయినప్పుడు, నా నోట కాదనే మాట రాదు. నా సంగతి నాకు తెలుసు. అందుకే పూర్తిగా ఆపేశాను. ఇంకెవరో వచ్చి నచ్చచెప్పినా మారదు, దయచేసి అడగొద్దు.

పడవలో లాకు దాకా తీసుకెళ్లి చూపించేవాణ్ని, ఈసారి గట్టు మీద నడిపించి చూపిస్తాను. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించినప్పుడు, ఈ కాలువలు చేలకే కాకుండా పడవలకి కూడా దారి అయ్యాయి. నీటి మట్టం మారేచోట పడవల్ని పైకీ కిందకీ దాటించడానికి, రెండు వైపులా తలుపులు పెట్టి లాకులు కట్టింది అందుకే. ఎగువ తలుపుల్ని దగ్గర నుంచి చూడండి, రెండూ మూసినప్పుడు నీరొచ్చే వైపుకి మొన తేలి ఉంటాయి, నీరు నెట్టేకొద్దీ ఇంకా బిగుసుకుంటాయి. పిల్లలకి ఇది చేతులతో చేసి చూపిస్తే ఇట్టే పట్టేస్తారు. కాలువకి నీళ్లు ఆపేశాక, మే 15న దొర పుట్టినరోజుకి వస్తే అడుగున రాతికట్టు కూడా కనిపిస్తుంది.

పోలి పాడ్యమి నాడు తెల్లవారుజామున మూడున్నరకే రేవు మెట్లు కడిగి లైట్లు వేస్తాం. అరటి దొప్పలు రావులపాలెం వైపు నుంచి తెప్పిస్తున్నాం, ముప్పై వత్తుల దీపం నిలిచేంత వెడల్పువి. థర్మాకోల్ ప్లేట్లు తెస్తే మాత్రం గేటు దగ్గరే ఆపేస్తాను, పోయినేడు కొందరికి కోపం వచ్చింది, అయినా ఆపేస్తాను. పొద్దున్నకి అవన్నీ లాకు తలుపుల దగ్గర పేరుకుంటే దిగి తీసేది మేమే.

టైములు, భోజనం రేట్లు పాతవే. పడవ కోసం కట్టిన డబ్బు అడిగినా అడక్కపోయినా ఎవరిది వాళ్లకి వెనక్కి పంపిస్తున్నాను. పడవ లేదని మొత్తం బుకింగే వద్దనుకుంటే అదీ చెప్పండి, భోజనాల అడ్వాన్సులో కూడా ఒక్క రూపాయి పట్టుకోను. వచ్చేవాళ్లు మాత్రం ఎంతమందో గురువారంలోపు చెప్పాలి, ఆవ పెట్టిన పనసపొట్టు కూరకి ఎన్ని కాయలు కొట్టించాలో ఆ రోజే చెప్పుకోవాలి.